పాడనివాళ్ళు నడిపిన పాటల బడి

పోయిన నెల ఒక పెళ్ళికి చెన్నైలో పశ్చిమ మాంబళం వెళ్ళాను. విడిదిలో కొత్త తుంగచాపలు పరిచారు. రాత్రి కిటికీలోంచి జల్లు కొట్టి రెండు చాపలు తడిశాయి. పొద్దున అవి ఆరుతున్నప్పుడు వచ్చిన వాసనకు నేను చేస్తున్న పని మర్చిపోయాను. కాఫీ గ్లాసుతో మేడ మీదికి వెళ్ళి రైలు పట్టాల వైపు చూశాను. మా పాటల బడి ఆ పట్టాల పక్కనే ఉండేది. ఇప్పుడు అక్కడ నాలుగంతస్తుల ఇళ్ళున్నాయి, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు.

బడి అన్నాను గానీ దానికి సొంత ఇల్లంటూ ఎప్పుడూ లేదు. అది పగలు చిన్నపిల్లల ప్రాథమిక పాఠశాల. సాయంత్రం ఐదున్నర దాటాక రెండు గదులు, ఒక వరండా మాకు అద్దెకిచ్చేవారు. బల్లలు గోడకు జరిపి, నేల ఊడ్చి, చాపలు పరిస్తే సంగీత పాఠశాల తయారు. నల్లబల్ల మీద ఒక మూల గీత గీసి 'తుడవరాదు' అని రాసి ఉండేది. అది పగటి టీచర్ హక్కు. ఆ గీతకు ఇవతల సరళీ వరసలు, అవతల పదమూడో ఎక్కం. ఆ వరసలు నేర్పే మాయామాళవగౌళ రాగం ఎప్పుడు విన్నా నాకు 'పదమూడు ఏడులు తొంభై ఒకటి' గుర్తుకొస్తుంది.

వేపచెట్టుకు ఒక రైలు పట్టా ముక్క వేలాడేది. గేటు తాత ఇనుప కడ్డీతో దాన్ని కొడితే క్లాసు మొదలైనట్టు. ఆయన తమిళుడు. సంగీతం మీద ఆయనకు ఏ అభిప్రాయమూ లేదు, చెప్పుల వరస మీద మాత్రం చాలా ఉండేవి. చెప్పులు అడ్డదిడ్డంగా విడిస్తే ఎంత పెద్దవారి పిల్లలనైనా వెనక్కి పిలిచి సరిచేయించేవాడు. ఆ పట్టా ముక్క మధ్యమం పలుకుతుందని పాట మామి, కాదు పంచమమని మృదంగం మాస్టారు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. శ్రుతిపెట్టె పక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోయేది. ఇద్దరూ ఆ పని చేయలేదు.

రైళ్ళ సంగతి చెప్పాలి. బీచ్ నుంచి తాంబరం దాకా ఆ దారిలో 1931 నుంచే కరెంటు బండ్లు నడిచాయట. మా రోజుల్లో ఇంకా మీటర్ గేజే. కొద్ది నిమిషాలకొకటి వచ్చేది. బండి వచ్చినప్పుడు మామి పాట ఆపేవారు గానీ తాళం ఆపేవారు కాదు. అందరం నోరు మూసుకుని తొడ మీద ఆదితాళం వేస్తూ కూర్చునేవాళ్ళం. చివరి పెట్టె దాటగానే, ఆ అక్షరం దగ్గరే అందుకోవాలి. అందుకోలేని వాళ్ళు దొరికిపోయేవారు. తర్వాత ఎన్నో మంచి హాళ్ళలో, గాలి కూడా చొరబడని గదుల్లో కచేరీలు విన్నాను. లయ గురించి నాకు తెలిసిన కాస్తా ఆ బండ్లు నేర్పిందే.

*

నేను పెద్దగా పాడలేదు. గీతాలు, స్వరజతులు దాటి మోహన వర్ణం దగ్గరికి వచ్చేసరికి గొంతు మారింది. పై షడ్జం దగ్గర నేను చేసే శబ్దానికి ముందు వరస ఆడపిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మానేద్దామనుకుంటున్నప్పుడు సెక్రటరీ తాతగారు వరండాలోకి పిలిచారు.

"బాబూ, నీ చేతిరాత గుండ్రంగా ఉంటుందిటగా. గొంతు కుదురుకునే దాకా రసీదులు రాయి."

గొంతు కుదురుకుంది గానీ నేను రసీదుల దగ్గరే ఉండిపోయాను. అందుకే నాకు ఆ బడి వెనకవైపు నుంచి తెలుసు. ఎవరు ఏ రాగం బాగా పాడేవారో అంతగా గుర్తులేదు, ఎవరింట్లో ఎన్ని నెలల ఫీజు బాకీ ఉండేదో గుర్తుంది.

తాతగారు పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. రెండు స్వరాలు వరసగా శ్రుతిలో పలికినట్టు ఎవరూ వినలేదు. ప్రార్థన పాడేటప్పుడు పెదవులు మాత్రమే కదిలించేవారు. ఆయనను ఇందులోకి దింపింది చిత్తూరు నాగయ్యగారని ఆయన నమ్మకం. నాగయ్యగారు త్యాగబ్రహ్మ గాన సభ పెట్టి, త్యాగరాయనగర్‌లో 1945లో వాణీ మహల్ నిలబెట్టినప్పుడు తాతగారు స్కూలు పిల్లవాడు. కచేరీలకు కుర్చీలు వేసే కుర్రాళ్ళలో ఒకడిగా చేరి, ఊరికే పాట విని ఇంటికి పోయేవారట. "సినిమాలో త్యాగయ్య వేషం వేసినందుకు ఆయనను అందరూ తలుచుకుంటారు. హాలు కట్టించినందుకు తలుచుకునేవాడిని నేనొక్కణ్ణే" అనేవారు, కాస్త గర్వంగా. నాగయ్యగారు చేతికి ఎముక లేని దాత అని, చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారని మద్రాసు తెలుగువాళ్ళందరికీ తెలిసిన కథే. తాతగారు ఆ కథ చెప్పిన ప్రతిసారీ చివర డబ్బా అత్తయ్యగారి వైపు చూసి, "అందుకే మనకు ఈవిడ ఉండాలి" అనేవారు.

డబ్బా అత్తయ్యగారు కోశాధికారి. మొహం మీద 'అత్తయ్యగారూ' అనేవాళ్ళం, 'డబ్బా' చాటుమాటు పేరు. బడి సొమ్మంతా మూడు బిస్కట్ డబ్బాల్లో ఉండేది: అద్దె డబ్బా, జీతాల డబ్బా, ఏటా చేసే త్యాగరాజ ఆరాధన డబ్బా. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి పది రూపాయలు మారాలన్నా చీటీ రాసి, తాతగారి సంతకం పెట్టించి, ఆ చీటీని డబ్బాలో వేసేవారు. పాట రాని రెండో మనిషి ఈవిడ. కానీ తంబురా కిందికీ మృదంగం పైకీ కావలసినవన్నీ ఆవిడ దగ్గరే దొరికేవి. తంబురా తంతుల కింద జీవ దారం తెగితే తన నేతచీర అంచు నుంచి పోగు లాగి ఇచ్చేవారు. మృదంగం ఎడమవైపుకు పూసే రవ్వ ముద్ద ఆవిడ వంటింటి రవ్వే. ఊరికే ఇచ్చేవారు కాదు. ఖాతా పుస్తకంలో 'రవ్వ, మృదంగం' అని రాసి ఆరాధన డబ్బాలోంచి చిల్లర తీసుకునేవారు. "ఇవాళ రవ్వ ఊరికే ఇస్తే, రేపు ఎవరో ఊరికే ఇవ్వలేక మానేస్తారు. అప్పుడు మాస్టారు ఎవరినడుగుతారు?" అనేవారు. అప్పట్లో పిసినారితనమనుకున్నాను.

ఫీజు నెలకు పాతిక రూపాయలు. బాకీ పడినవాళ్ళను తాతగారు అడిగే తీరు వేరు. పదిమందిలో పేరు పిలవడం, గోడ మీద జాబితా అంటించడం లేదు. పిల్ల పాటల పుస్తకంలో గీతానికీ గీతానికీ మధ్య చిన్న చీటీ పెట్టేవారు, 'నాన్నగారికి నమస్కారాలతో' అని మొదలుపెట్టి. ఆ చీటీలు రాసింది నేనే కనుక కొన్ని ఇళ్ళకు అవి వెళ్ళలేదని కూడా నాకు తెలుసు. ఆ ఇళ్ళ ఫీజు నెల మొదట్లో, పెన్షను వచ్చిన మర్నాడు, ఎవరూ అడగకుండానే జమ అయ్యేది. అత్తయ్యగారు రసీదు మీద ఆ ఇంటి పేరే రాయించేవారు, తల ఎత్తకుండా.

*

పాట మామి తమిళులు. చిన్నప్పటి నుంచి త్యాగరాజు కీర్తనలు పాడుతూ పెరిగారు, తెలుగు మాట్లాడటం మాత్రం రాదు. తాతగారికీ ఆవిడకూ వారానికొక యుద్ధం. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, భ లకూ అంతే. అందుకని తమిళంలో అచ్చయ్యే పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. పిల్లలు ఆ అంకెలను చీమల్లా చూసీ చూడనట్టు దాటిపోయేవారు. 'భక్తి' కాస్తా 'పక్తి' అయ్యేది. వరండాలో తాతగారు కలం కింద పెట్టేవారు.

"అమ్మా, త్యాగయ్య భక్తి అన్నారు."

"సార్, మీ తెలుగు పిల్లలు భక్తి అని చక్కగా పలికి శ్రుతి వదిలేస్తున్నారు. ముందు దానికి ఒక అంకె వేయండి."

ఇద్దరూ ఒప్పే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. శనివారం క్లాసుకు ముందు పావుగంట తాతగారిది. నల్లబల్ల మీద సాహిత్యం తెలుగులో ఒక వరస, కింద అంకెలతో తమిళంలో ఒక వరస రాసి చదివించేవారు. పాడకూడదు, చదవాలి. మాలో సగంమంది తెలుగు ఇళ్ళ పిల్లలమే అయినా బళ్ళో చదివేది తమిళం. ఇంట్లో తెలుగు వినడమే తప్ప రాయడం తెలియదు. నేను గుణింతాలు నేర్చుకున్నది ఆ పావుగంటల్లోనే. మా అమ్మకు మొదటిసారి తెలుగులో ఉత్తరం రాసినప్పుడు ఆవిడ నవ్వింది. ఉత్తరమంతా కీర్తనల భాషలో ఉందట, 'వేగమే రావే' అని రాశానట.

మధ్యలో నీళ్ళ లారీ. మద్రాసులో పెరిగినవాళ్ళకు దీని గురించి చెప్పనక్కర్లేదు. వేసవిలో ఆ హారన్ వినిపిస్తే రాగం లేదు, తాళం లేదు. మామి తంబురా పక్కన పెట్టి, కొంగు దోపి, రంగురంగుల ప్లాస్టిక్ బిందెలతో వరసలో నిలబడేవారు. శిష్యులం వెనక రెండో బిందె పట్టుకుని నిలబడేవాళ్ళం. వరసలోనే జంట వరసలు చెప్పించిన రోజులున్నాయి. "తెలుగు గంగ వస్తోంది, ఇంక ఈ బాధ ఉండదు" అని తాతగారు ఏటా ప్రకటించేవారు. పథకం 1983లో మొదలైంది, కృష్ణ నీళ్ళు పూండి జలాశయం చేరింది 1996లో. అప్పటికి మా బిందెల బ్యాచ్ కాలేజీలు కూడా దాటేసింది.

*

వరాళి ముచ్చట చెప్పకపోతే ఆ బడిలో చదివినవాళ్ళు నన్ను క్షమించరు.

ఆరాధనలో పాడే త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదు రాగాల్లో ఉన్నాయి కదా: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. నాలుగు రాగాలకు ఇబ్బంది లేదు. వరాళిని గురువు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పితే ఇద్దరికీ చెడుతుందని పాతకాలం నమ్మకం. వినికిడితోనే నేర్చుకోవాలంటారు. మామికి ఆ నమ్మకం గట్టిగా ఉంది. తాతగారికి అయిదు పాడితే తప్ప ఆరాధన ఆరాధన కాదని ఇంకా గట్టి నమ్మకం. రెండు నెలలు చర్చ నడిచింది.

మార్గం చూపింది అత్తయ్యగారు. వాళ్ళ తమ్ముడు దుబాయి నుంచి తెచ్చిన టేపురికార్డరు పట్టుకొచ్చారు. ఒక ఆదివారం మధ్యాహ్నం మామి గదిలో ఒక్కరే కూర్చుని, తలుపు గడియ వేసుకుని యంత్రానికి పాడారు. బయట ఎవరూ ఉండకూడదని గేటు తాతను కాపలా పెట్టారు. ఆయన మమ్మల్ని తరిమి, తాను మాత్రం గుమ్మం దగ్గర కూర్చుని పూర్తిగా విన్నాడు. ఆ తర్వాత వారం మామి ఆసనం మీద టేపురికార్డరు కూర్చుంది. మామి వరండాలో కాఫీ తాగుతూ కూర్చున్నారు. మేం చరణాలు ఒక్కొక్కటే యంత్రం వెంట పాడేవాళ్ళం. తప్పు దిద్దితే నేర్పినట్టవుతుంది కనుక మామి దిద్దేవారు కాదు. వరండాలోంచి దగ్గు వినిపించేది. ఒక దగ్గుకు స్వరం తప్పు, రెండు దగ్గులకు తాళం తప్పు. గాంధారం కాస్త ఎక్కువైతే కుర్చీ కూడా కదిలేది.

ఆరాధన అయిన నెలకే ఆ టేపురికార్డరు క్యాసెట్లు నమలడం మొదలుపెట్టింది. మృదంగం మాస్టారు చేతులు జోడించి, "చూశారా, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నది అదొక్కటే" అన్నారు. "బెల్టు అరిగింది, మహిమా లేదు మట్టీ లేదు" అని అత్తయ్యగారు దాన్ని సంచీలో వేసి నాతో రిచీ స్ట్రీట్‌కు పంపారు. మరమ్మతు ఖర్చు ఏ డబ్బాలోంచి పోవాలో తేలడానికి ఇంకో వారం పట్టింది.

*

ఆరాధన రోజైన పుష్య బహుళ పంచమి దగ్గరపడితే బడి రూపు మారిపోయేది. సంక్రాంతి వెళ్ళగానే తాతగారు, నేను, రసీదు పుస్తకం. పాండీ బజారు నుంచి మొదలుపెట్టి తెలుగువారి దుకాణాలన్నీ ఎక్కి దిగేవాళ్ళం. ఇచ్చినవాళ్ళకూ ఇవ్వనివాళ్ళకూ ఆయన నమస్కారం ఒక్కలాగే ఉండేది. ఇవ్వనివాళ్ళను పైయేడు మొదట అడిగేవారు. "పోయినేడు కాదన్నాడు కదా, ఈసారి సిగ్గుపడి ఇస్తాడు" అని లెక్క. చాలాసార్లు ఆ లెక్క కుదిరేది.

ఒక ఏడాది ఒక పెద్దమనిషి షామియానా ఖర్చంతా నాదే అన్నాడు. సాయంత్రానికి కబురు వచ్చింది, మా మనవరాలు విడిగా ఒక కీర్తన పాడాలని. తాతగారు అప్పటికప్పుడు డబ్బు తిప్పి పంపారు. ఆ రోజు గోష్ఠిలో అందరూ కలిసి పాడటమే తప్ప ఎవరికీ విడి ఆసనం ఉండదని ఆయన పంతం. ఆ ఏడు షామియానా లేకుండా వేపచెట్టు కింద, నెత్తిన ఎండతో పంచరత్నాలు పాడారు. అందరూ తాతగారిని మెచ్చుకున్నారు. మామి మాత్రం మెచ్చుకోలేదు. "ఒక పిల్ల పది నిమిషాలు పాడితే ఎవరి సొమ్ము పోయింది? ఆ పిల్లకు మంచి గొంతు ఉంది" అన్నారు. ఆ పిల్ల తర్వాత మా బడికి రాలేదు. ఇన్నేళ్ళకు ఆలోచిస్తే నాకు మామి పక్షమే సబబు అనిపిస్తుంది. తాత చేసిన బేరానికి మనవరాలిని ఎందుకు శిక్షించాలి?

పులిహోర, దద్ధ్యోజనం అత్తయ్యగారి ఆధ్వర్యం. గంగాళంలో తిరగమోత వేస్తూ బెంగుళూరు నాగరత్నమ్మగారి కథ చెప్పేవారు. తిరువయ్యూరులో త్యాగరాజు సమాధి పాడుబడి ఉంటే తన సొంత ఆస్తి వెచ్చించి మందిరం కట్టించిందనీ, అక్కడ ఆడవాళ్ళను పాడనివ్వకపోతే స్త్రీల బృందాన్ని వేరే కూడగట్టి పాడించిందనీ. ఏటా అదే కథ, అదే ఆవేశం. ఆవేశంలో పోపు మాడిన ఏడు కూడా ఉంది. ఆవిడ ఎదుట ఎవరైనా మహావిద్వాంసుల గొప్పలు చెబితే విని, "ఊఁ, మందిరం ఎవరు కట్టించారు?" అనేవారు. దానికి జవాబు ఉండేది కాదు.

రాత్రి అందరూ వెళ్ళాక అదే చాప మీద చిల్లర గుట్టలు పోసి లెక్కపెట్టేవాళ్ళం. పావలాలు వేరు, అర్ధరూపాయలు వేరు. తాతగారు, అత్తయ్యగారు, గేటు తాత, నేను. మామి, మాస్టారు అప్పటికి అలసిపోయి ఇళ్ళకు వెళ్ళేవారు. పొద్దున్నుంచీ పాటలు విన్న చెవులకు ఆ చిల్లర చప్పుడు ఏమంత తక్కువగా ఉండేది కాదు.

*

తర్వాతి సంగతులు తొందరగానే చెప్పేయవచ్చు. ప్రాథమిక పాఠశాల మూతపడింది, స్థలం అమ్మేశారు. బడి ఒకరి ఇంటి కింది వాటాలోకి మారింది. చేతితో తిత్తి ఊదే శ్రుతిపెట్టె పోయి మీట నొక్కితే మోగే పెట్టె వచ్చింది. వంతులవారీగా తిత్తి ఊదే పని లేకపోవడంతో చిన్నపిల్లలకు గదిలో హోదా తగ్గింది. మామి కొడుకు దగ్గరికి వెళ్ళి అక్కడే పోయారు. గేటు తాత గురించి కబురు మాకు చాలా ఆలస్యంగా అందింది. తాతగారు నిద్రలోనే వెళ్ళిపోయారు, దిండు కింద రసీదు పుస్తకంతో.

2015 డిసెంబరు మొదటి రోజుల వరదలో అడయారు పొంగినప్పుడు పశ్చిమ మాంబళం వీధుల్లోనూ నీళ్ళు నిలిచాయి. కింది వాటాలో తంబురా కుండ దగ్గర అతుకు విడిపోయింది. ఇనుప పెట్టెలోని ఖాతా పుస్తకాలన్నీ తడిశాయి. అత్తయ్యగారు తంబురా జోలికి పోలేదు. పుటలు విడదీసి, మధ్య మధ్య పాత వార్తాపత్రికలు పెట్టి, ఫ్యాను కింద వారం రోజులు ఆరబెట్టారు. సిరా చెదిరిన చోట గుర్తున్నది గుర్తున్నట్టు పెన్సిల్‌తో రాసి పెట్టారు. అవి ఎందుకండీ ఇంకా అని నేను ఫోనులో అడిగితే, "నాయనా, తంబురా కొనుక్కోవచ్చు" అన్నారు.

పెళ్ళి నుంచి వెనక్కి వచ్చే ముందు ఆవిడ ఇంటికి వెళ్ళాను. బడి ఇప్పుడు ఒక అపార్టుమెంటు సమావేశ మందిరంలో, శని ఆదివారాలు నడుస్తోంది. అమెరికాలో ఉన్న పిల్లలు కొందరు ఫోనులో నేర్చుకుంటారట. కొత్త సెక్రటరీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముప్పై దాటని కుర్రవాడు. పాట రాదట, మంచి లక్షణమే. లెక్కలన్నీ కంప్యూటర్‌లో పెట్టాడు. అత్తయ్యగారు తెర మీద చూడనన్నారు, కాగితం మీద అచ్చు తీయించి, అద్దాలు సవరించుకుని, వేలితో ఒక్కొక్క వరసా కూడుతున్నారు. నలభై రూపాయలు తేడా వచ్చింది. కుర్రవాడు యంత్రం తప్పు చేయదని నెమ్మదిగా చెప్పబోయాడు.

"యంత్రం సంగతి నాకు తెలుసులే. మృదంగం రవ్వ ఎందులో రాశావు?"

అలాంటి ఖర్చు ఒకటుంటుందని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. మాస్టారు తన జేబులోంచి కొంటున్నారేమో అన్నాడు. అత్తయ్యగారు అప్పుడే మాస్టారికి ఫోను చేయించి కనుక్కున్నారు, నెలకు ఇరవై ఎనిమిది అని తేలింది. కొత్త వరస చేర్చి మళ్ళీ అచ్చు తీశారు. ఇంకా పన్నెండు రూపాయలు కలవలేదు. ఆ అబ్బాయిని వచ్చే ఆదివారం పొద్దున్నే, టిఫిను తినకుండా రమ్మన్నారు, ఉప్మా చేస్తారట.